ఏ టెలివిజన్ మేలు?

సిరిసిల్లలో గాని, కోరుట్లలో గాని, జగిత్యాలలో గాని టెలివిజన్లు అమ్మే దుకాణంలోనికి వెళ్లినవారికి ఒక దృశ్యం తప్పక ఎదురవుతుంది. గోడ పొడవునా పది పన్నెండు తెరలు వెలుగుతూ ఉంటాయి. వాటిలో పక్కపక్కనున్న రెండింటిని తీసుకొని, కింద అంటించిన చీటీలను చదివి చూడండి. రెండూ 43 అంగుళాలవే. రెండింటిలోనూ చిత్రబిందువుల సంఖ్య ఒకటే. ధ్వని రెండింటికీ 20 వాట్లే. ధరలో మాత్రం నాలుగైదు వేల రూపాయల తేడా ఉన్నది. ఈ తేడా దేనికని అడిగితే దుకాణదారు కంపెనీ పేరు చెప్పి ఊరుకొంటాడు. గంభీరావుపేటనుండి వచ్చిన మరమగ్గం కార్మికునికి నాలుగైదు వేలంటే చిన్న మొత్తం కాదు. కాబట్టి ఈ ప్రశ్నకు శాస్త్రరీత్యా సమాధానం వెదకడం అవసరం.

ఈ ప్రశ్న నేటిది కాదు. టెలివిజన్ ఎంత పాతదో ఇదీ అంత పాతదే. ఒకేవిధంగా కనిపించే రెండు యంత్రాలలో ఏది మేలని తేల్చడానికి ఒక్కొక్క కాలంలో ఒక్కొక్క కొలమానం వాడినారు. ఒకప్పుడు గీతల సంఖ్య, తరువాత తరంగాన్ని పట్టే శక్తి, ఆపైన వోల్టేజిని తట్టుకొనే ఓర్పు, ఆపైన రంగు, నేడు చిత్రబిందువులు. ఈ చరిత్రను వరుసగా చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. పెట్టె మీద అచ్చువేసిన అంకె ఎప్పుడూ కొంతవరకే నిజం చెప్పినది. మిగిలిన నిజం ఆ పెట్టెను ఉంచబోయే ఇంటిలో, ఆ ఇంటికి వచ్చే తరంగంలో, విద్యుత్తులో, చూచేవారి కంటిలో ఉన్నది.

లండన్‌లో జరిగిన పోటీ

రెండు టెలివిజన్ పద్ధతులను పక్కపక్కన పెట్టి బహిరంగంగా పరీక్షించిన ప్రసిద్ధమైన సందర్భం 1936లో లండన్‌లో జరిగినది. అంతకు పదేండ్ల ముందు, 1926 జనవరి 26న, జాన్ లోగీ బెయిర్డ్ అనే స్కాట్లండు దేశస్థుడు కదిలే బొమ్మలను దూరానికి పంపి శాస్త్రజ్ఞులకు చూపినాడు. 1936 నాటికి బెయిర్డ్ కంపెనీ పద్ధతి చిత్రాన్ని 240 గీతలుగా విభజించేది. దానికి పోటీగా మార్కోని-ఇ.ఎం.ఐ. కంపెనీ 405 గీతల పద్ధతిని తయారుచేసినది. ఏది మంచిదో కాగితం మీద తేల్చడం కష్టమని బ్రిటిష్ ప్రభుత్వం ఒక చక్కని ఉపాయం అవలంబించినది. 1936 నవంబర్ 2న అలెగ్జాండ్రా ప్యాలెస్ అనే భవనంనుండి బి.బి.సి. టెలివిజన్ ప్రసారాలు ప్రారంభించినది. ఒక వారం బెయిర్డ్ పద్ధతి, మరొక వారం మార్కోని-ఇ.ఎం.ఐ. పద్ధతి. మొదటి వంతు ఎవరిదో తేల్చడానికి నాణెం ఎగురవేసినారు. ఆ కాలపు గ్రాహకాలకు రెండు పద్ధతులకూ మార్చుకొనే మీట ఉండేది.

ఈ ఏర్పాటులోని శాస్త్రీయతను గమనించండి. భవనం ఒకటే, చూచేవారి ఇండ్లు అవే, ఇంటిలోని పెట్టె అదే. మారినది పరీక్షకు పెట్టిన అంశం ఒక్కటే. మిగిలినవన్నీ స్థిరంగా ఉంచి ఒకదానిని మాత్రమే మార్చడం ప్రయోగశాలలో మనం విద్యార్థులకు చెప్పే మొదటి పాఠం.

ఫలితం కొద్ది నెలలలోనే తేలినది. 1937 ఫిబ్రవరిలో బెయిర్డ్ పద్ధతిని విరమించినారు. 405 అనే అంకె 240 కంటె పెద్దది కావడమే దీనికి కారణమని అనుకొంటే పొరపాటు. బెయిర్డ్ పద్ధతిలో స్టూడియో దృశ్యాన్ని ముందు ఫిల్ముమీద తీసి, దానిని నిమిషం లోపల రసాయనాలలో కడిగి, తడిగా ఉండగానే గీతలుగా విభజించేవారు. రసాయనాల తొట్లతో కూడిన ఆ కెమేరాను కదిలించడం సాధ్యం కాదు. మార్కోని-ఇ.ఎం.ఐ. వారి ఎలక్ట్రాను కెమేరాను ఆరుబయటికి కూడ తీసికొనిపోవచ్చును. రెండవ కారణం కంటికి సంబంధించినది. బెయిర్డ్ చిత్రం సెకండుకు 25 సార్లు తెరమీద వెలిగేది. రెండవ పద్ధతిలో ముందు బేసి గీతలు, తరువాత సరి గీతలు గీచి, సెకండుకు 50 సార్లు తెర వెలిగేటట్లు చేసినారు. అందువలన తెర మిణుకుమిణుకుమనడం బాగా తగ్గినది. చీటీమీద గీతల సంఖ్య మాత్రమే వ్రాసి ఉంటే ఈ రెండు కారణాలూ కొనేవానికి తెలిసేవే కావు.

పేర్లు వేరు, నమూనా ఒకటి

మన దేశంలో ప్రయోగాత్మక టెలివిజన్ ప్రసారం 1959 సెప్టెంబర్ 15న ఢిల్లీలో మొదలయినది. 1965నుండి రోజువారీ ప్రసారాలు వచ్చినవి. 1972లో బొంబాయి, 1975లో కలకత్తా, మద్రాసు కేంద్రాలు వెలసినవి. మనం స్వీకరించినది 625 గీతల పద్ధతి.

అప్పట్లో టెలివిజన్ పెట్టెలను దిగుమతి చేసికోవడం భారమైన పని. రాజస్థాన్‌లోని పిలానీలో ఉన్న కేంద్ర ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ పరిశోధనా సంస్థ దేశీయంగా ఒక నలుపు-తెలుపు గ్రాహకాన్ని రూపొందించి, దాని తయారీ విధానాన్ని పరిశ్రమలకు అందించినది. ఇక్కడినుండి మన కథలో ఒక కొత్త అంశం ప్రవేశిస్తుంది. ఒకే పరిశోధనశాలలో పుట్టిన నమూనా వేరువేరు కంపెనీల పేర్లతో బజారుకు రావచ్చును. చెక్కపెట్టె ఆకారం, మీటల అమరిక, పేరు మారుతాయి. లోపలి వలయం మాత్రం దాదాపు అదే. అటువంటప్పుడు రెండు పెట్టెల మధ్య నిజమైన తేడా ఎక్కడ ఉంటుంది? వాడిన విడిభాగాల నాణ్యతలో, అతుకులు వేసిన చేతి శ్రద్ధలో, అమ్మిన తరువాత బాగుచేసే ఏర్పాటులో ఉంటుంది. ఈ మూడూ అద్దంలోనుండి కనిపించవు.

మన హైదరాబాదులో 1967లో స్థాపించిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కూడ టెలివిజన్ల తయారీకి పూనుకొన్నది. ఇ.సి. టి.వి. అనే పేరు ఒక తరంవారికి బాగా గుర్తున్న పేరు. ఆ సంస్థకు ఒక అరుదయిన పరీక్ష ఎదురయినది. అది దుకాణంలో జరిగిన పరీక్ష కాదు, పల్లెలలో జరిగినది.

కొనేవారు లేని ఎంపిక

1975 ఆగస్టు 1నుండి 1976 జూలై 31వరకు భారతదేశంలో ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం జరిగినది. దీనినే సైట్ అంటారు. అమెరికావారి ఎ.టి.ఎస్.-6 అనే ఉపగ్రహం దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తునుండి కార్యక్రమాలను నేరుగా పల్లెలకు పంపినది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బీహార్, మధ్యప్రదేశ్, రాజస్థాన్ అనే ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలను ఇందుకు ఎన్నుకొన్నారు. రోజుకు నాలుగు గంటల ప్రసారం. ఉదయం పిల్లలకు, సాయంకాలం పెద్దలకు. తెలుగులోనూ కార్యక్రమాలు వచ్చినవి.

ఈ గ్రామాలకు కావలసిన గ్రాహకాలను హైదరాబాదులోని ఆ సంస్థే తయారుచేసినది. ప్రతి గ్రామంలోనూ సుమారు మూడు మీటర్ల వ్యాసంగల గిన్నెవంటి ఏంటెన్నాను నిలిపినారు. కోళ్లగూటికి వాడే జాలివంటి తీగవలతో దానిని అల్లినారు. అక్కడ పట్టిన సంకేతాన్ని మార్చి పెట్టెకు అందించే పరికరం వేరుగా ఉండేది.

ఈ పెట్టెను ఎన్నుకొన్నది గ్రామస్థులు కారు, ఇంజనీర్లు. వారు తమను తాము వేసికొన్న ప్రశ్నలు కొనుగోలుదారులకు నేటికీ ఆదర్శప్రాయమైనవి. ఇది దుమ్ములో ఉండబోతున్నది, తట్టుకొంటుందా? ఎండకాలపు వేడిలో గంటల తరబడి పనిచేస్తుందా? పల్లెటూరి విద్యుత్తు హెచ్చుతగ్గులకు చెడిపోకుండా ఉంటుందా? వందలమంది ఒకేసారి చూస్తే వెనుకనున్నవానికి బొమ్మ కనిపిస్తుందా, మాట వినిపిస్తుందా? చెడిపోతే బాగుచేసే మనిషి ఎంత కాలంలో వస్తాడు? ఈ ప్రశ్నలలో ఒక్కటి కూడ పెట్టె అందచందాలకు సంబంధించినది కాదు. అన్నీ ఆ పెట్టె చేరబోయే చోటునుండి పుట్టిన ప్రశ్నలే.

తరంగం చేరే దూరం

1977 అక్టోబర్ 23న హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ప్రారంభమయినది. ఆనాటినుండి తెలుగువారికి టెలివిజన్ ఇంటి వస్తువు కావడం మొదలయినది. కాని అందరికీ కాదు. కారణం భూమి గుండ్రంగా ఉండడమే.

టెలివిజన్ వాడే తరంగాలు మధ్యతరంగ రేడియోవలె భూమి వంపును అనుసరించి దూరం పోలేవు. దాదాపు కంటిచూపువలె తిన్నగా పోతాయి. అవి ఎంత దూరం చేరుతాయో లెక్కించడానికి ఒక సులభసూత్రం ఉన్నది. స్తంభం ఎత్తును మీటర్లలో తీసికొని, దాని వర్గమూలాన్ని 4.1 చేత గుణిస్తే కిలోమీటర్లలో దూరం వస్తుంది. వాయుమండలం తరంగాన్ని కొద్దిగా వంచే ప్రభావం కూడ ఇందులో చేరి ఉన్నది. ఉదాహరణకు ప్రసార స్తంభం ఎత్తు 100 మీటర్లనుకొందాం. వర్గమూలం 10, దూరం 41 కిలోమీటర్లు. ఇంటిమీద ఏంటెన్నాను 9 మీటర్ల ఎత్తున నిలిపితే దానికి వర్గమూలం 3, దూరం సుమారు 12 కిలోమీటర్లు. రెండూ కలిపితే 53 కిలోమీటర్లు.

గంభీరావుపేట హైదరాబాదుకు ఉత్తరాన, పటం మీద తిన్నగా గీత గీచి కొలిస్తే సుమారు నూరు కిలోమీటర్ల దూరంలో ఉన్నది. అనగా అది హైదరాబాదు తరంగానికి దిగంతం ఆవల ఉన్న ఊరు. వంగి, చెదరి వచ్చిన కొద్దిపాటి తరంగాన్ని మాత్రమే అటువంటి చోట పట్టుకోవలసి ఉంటుంది. నగరంలో ఒకేవిధంగా కనిపించిన రెండు పెట్టెలు ఇక్కడ ఒకేవిధంగా పనిచేయవు. బలమైన సంకేతం ఉన్నచోట ప్రతి పెట్టెలోనూ బొమ్మ బాగానే ఉంటుంది. బలహీనమైన సంకేతం వచ్చినప్పుడే ఏ పెట్టెలోని ట్యూనరు తన సొంత చప్పుడును అదుపులో ఉంచుకొంటుందో, ఏది తెరనిండా చుక్కలు కురిపిస్తుందో తెలుస్తుంది. ఇటువంటి ఊళ్లలో పెట్టెకంటె ఏంటెన్నాయే ముఖ్యం. 1926లో జపానులో యాగి, ఉడా అనే శాస్త్రజ్ఞులు రూపొందించిన చేపముల్లువంటి ఏంటెన్నాకు అల్యూమినియం కడ్డీలు పెంచి, పొడవాటి గొట్టానికి ఎక్కించి, దిక్కు సరిచూచి తిప్పేవారు. ఒకరు మిద్దెమీద గొట్టం తిప్పుతుంటే, మరొకరు గుమ్మంలో నిలబడి "వచ్చింది, పోయింది" అని కేకవేయడం ఆనాడు తెలుగుదేశమంతటా కనిపించిన దృశ్యం.

1984 ప్రాంతంలో ప్రభుత్వం దేశమంతటా చిన్న ట్రాన్స్‌మిటర్లను వేగంగా నెలకొల్పినది. వీటిలో చాలవాటి శక్తి 100 వాట్లు. చుట్టూ పాతిక కిలోమీటర్ల వరకు చిత్రం స్పష్టంగా అందేది. 2004 డిసెంబర్‌లో దూరదర్శన్ ఇంటింటికీ నేరుగా ఉపగ్రహ ప్రసారాలను ప్రారంభించినది. నేడు దీనినే డి.డి. ఫ్రీ డిష్ అంటున్నారు. సైట్ ప్రయోగంలో మూడు మీటర్ల గిన్నె చేసిన పనిని ఇప్పుడు ఇంటి గోడకు బిగించిన చిన్న గిన్నె చేస్తున్నది. దిగంతం అడ్డు తొలగిపోయినది. గిన్నె, కేబులు, ఇంటర్నెట్ ద్వారా చూచేవారికి పెట్టెలోని ట్యూనరు ఎంత సూక్ష్మగ్రాహి అనేది ఇప్పుడు పెద్ద ప్రశ్న కాదు. ఒక తరానికి ప్రాణప్రదమైన కొలమానం మరొక తరానికి అక్కరలేకపోయినది.

విద్యుత్తు పెట్టిన పరీక్ష

సిరిసిల్ల ప్రాంతానికి విద్యుత్తు విషయంలో ఒక ప్రత్యేకత ఉన్నది. 1970 ప్రాంతంలో దేశంలో మొట్టమొదట ఏర్పడిన ఐదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాలలో సిరిసిల్ల సంఘం ఒకటి. సెస్ అని అందరూ పిలిచే ఈ సంఘమే గంభీరావుపేట మండలానికి కూడ విద్యుత్తును అందిస్తున్నది. వినియోగదారులే సభ్యులుగా ఉన్న సంఘం పల్లెలకు తీగలు లాగడం ఆనాడు గొప్ప విశేషం.

కాని తీగ ఎంత పొడుగయితే దాని నిరోధం అంత ఎక్కువ. బావులమీద మోటారు పంపులు, ఊరిలో మరమగ్గాలు, ఇండ్లలో దీపాలు ఒకేసారి విద్యుత్తును వాడుకొన్నప్పుడు తీగ చివరనున్న ఇంటికి 230 వోల్టులకు బదులు బాగా తక్కువ వోల్టేజి చేరవచ్చును. ఓం నియమం ఏ సంఘానికీ, ఏ కంపెనీకీ మినహాయింపు ఇవ్వదు.

పిక్చర్ ట్యూబు ఉన్న పాత పెట్టెలలో దీని ప్రభావం కంటికి కనిపించేది. ఎలక్ట్రాను కిరణాన్ని తెరకు లాగడానికి నలుపు-తెలుపు పెట్టెలో పది పదిహేను వేల వోల్టులు, రంగుల పెట్టెలో పాతిక వేల వోల్టులు కావాలి. ఆ కిరణాన్ని పక్కలకు, పైకి కిందికి తిప్పే విద్యుత్తు కూడ ఇంటి కరెంటునుండే తయారవుతుంది. వోల్టేజి తగ్గినప్పుడు బొమ్మ నాలుగువైపులా ముడుచుకొని, చుట్టూ నల్లని అంచు ఏర్పడేది. వాల్వుల పెట్టెలు ఎక్కువ విద్యుత్తును తీసికొని ఎక్కువ వేడెక్కేవి. ట్రాన్సిస్టర్లు వచ్చిన తరువాత ఈ బాధ కొంత తగ్గినది. అయినను పెట్టె పక్కన స్టెబిలైజరును కూడ కొనవలసి వచ్చేది. కాబట్టి రెండు పెట్టెల ధరలను పోల్చేటప్పుడు, స్టెబిలైజరు లేకుండా పనిచేసే పెట్టె వంద రూపాయలు ఎక్కువైనా నిజానికి చౌకే.

తరువాత వచ్చిన స్విచ్ పద్ధతి విద్యుత్ సరఫరా ఈ పరిస్థితిని మార్చివేసినది. వచ్చిన కరెంటును వేల సార్లు తెంచి కలుపుతూ, కావలసినంత మాత్రమే లోపలికి పంపే పద్ధతి ఇది. దీనివలన 100 వోల్టులనుండి 240 వోల్టులవరకు, కొన్నింటిలో అంతకుమించి కూడ, పెట్టె నిలకడగా పనిచేస్తుంది. ఈ అవధి ఎంతో ప్రతి పెట్టె వెనుకభాగాన అచ్చువేసి ఉంటుంది. దుకాణంలో తెరముందు నిలబడిన వారిలో పెట్టె వెనుకకు పోయి దీనిని చదివేవారు చాల తక్కువ.

రంగుల కాలం

1982 ఆగస్టు 15న జాతీయ ప్రసారాలు రంగులలో మొదలయినవి. ఆ సంవత్సరం నవంబర్‌లో ఢిల్లీలో ఏషియన్ క్రీడలు జరిగినవి. 1983 జూన్ 25న మన క్రికెట్ జట్టు ప్రపంచ కప్పు గెలిచినది. 1987 జనవరినుండి ఆదివారం ఉదయాలలో రామాయణం ధారావాహిక వచ్చినది. ఈ సంఘటనలు టెలివిజన్ అమ్మకాలను పెంచినవి.

మన దేశం స్వీకరించిన రంగుల పద్ధతి పాల్. జర్మనీకి చెందిన వాల్టర్ బ్రూఖ్ 1960 దశకం ప్రారంభంలో దీనిని రూపొందించినాడు. రంగుల పెట్టెల తొలి రోజులలో విదేశాలనుండి విడిభాగాల కిట్లను తెప్పించి ఇక్కడ కూర్చి, వేరువేరు పేర్లతో అమ్మినారు. పిలానీ నమూనా విషయంలో చూచినదే ఇక్కడ మళ్లీ జరిగినది. పేర్లు పెక్కు, మూలాలు కొద్ది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలవారికి ఇందులో మరొక అనుభవం కూడ ఉన్నది. ఇక్కడినుండి గల్ఫు దేశాలకు పోయినవారు సెలవుమీద వస్తూ టెలివిజన్ తెచ్చుకోవడం పరిపాటి. దుబాయి, మస్కట్‌లలో కూడ మనవలెనే 625 గీతల పాల్ పద్ధతి ఉండడంవలన అక్కడ కొన్న పెట్టె ఇక్కడ బాగానే పనిచేసేది. అమెరికానుండి తెచ్చిన పెట్టె సంగతి వేరు. అక్కడిది 525 గీతల ఎన్.టి.ఎస్.సి. పద్ధతి. ఇంటి కరెంటు 120 వోల్టులు. కేవలం ఆ దేశం కోసమే తయారయిన పెట్టె ఎంత ఖరీదయినదయినా ఇక్కడి ప్రసారాన్ని చూపలేకపోయేది. పెట్టె మంచిదా, కాదా అన్న ప్రశ్నకు ముందు అది ఏ దేశానికి, ఏ ఇంటికి తయారయినదని అడగాలని ఈ అనుభవం నేర్పినది.

చిత్రబిందువులు, కన్ను

ఇప్పుడు పిక్చర్ ట్యూబు పోయినది. పలుచని తెరలు వచ్చినవి. వీటిలో గీతలకు బదులు చిత్రబిందువులు, అనగా పిక్సెళ్లు ఉంటాయి. ఫుల్ హెచ్.డి. తెరలో అడ్డంగా 1,920, నిలువుగా 1,080, మొత్తం 20,73,600 బిందువులు. 4కె తెరలో ఇవి రెండువైపులా రెట్టింపయి 82,94,400 అవుతాయి. 1936లో 240, 405 అన్న అంకెలకు ఉన్న ఆకర్షణే నేడు ఈ అంకెలకు ఉన్నది.

ఇక్కడ కంటి శక్తిని లెక్కలోనికి తీసికోవాలి. మామూలు ఆరోగ్యవంతమైన కన్ను ఒక డిగ్రీలో 60వ వంతు కోణంకంటె దగ్గరగా ఉన్న రెండు బిందువులను విడివిడిగా గుర్తించలేదు. దీనినిబట్టి, ఒక బిందువు వెడల్పుకు సుమారు 3,440 రెట్లు దూరం పోతే అది పక్క బిందువులో కలిసిపోతుంది. 43 అంగుళాల తెర వెడల్పు 95 సెంటీమీటర్లు. దానిని 1,920 చేత భాగిస్తే ఫుల్ హెచ్.డి. బిందువు సుమారు అర మిల్లీమీటరు. 3,440 చేత గుణిస్తే 1.7 మీటర్లు. అదే పరిమాణంలో 4కె తెరకు ఈ దూరం 85 సెంటీమీటర్లు మాత్రమే.

మన ఇండ్లలో మంచమో, కుర్చీయో గోడకు పది అడుగుల దూరంలో, అనగా 3 మీటర్ల దూరంలో ఉంటుందనుకొందాం. అంత దూరంనుండి 43 అంగుళాల ఫుల్ హెచ్.డి. బిందువులే కంటికి విడిగా కనిపించవు. ఇక దానికి నాలుగు రెట్లు బిందువులు ఉన్నా కన్ను వాటిని వేరుచేయలేదు. పైగా సాధారణస్థాయి ఛానళ్ల చిత్రంలో నేటికీ 576 గీతలే ఉంటాయి. లేని వివరాన్ని తెర సృష్టించలేదు. దగ్గరగా కూర్చుండేవారికి, పెద్ద తెర కొనేవారికి, ఇంటర్నెట్‌నుండి 4కె సినిమాలు చూచేవారికి ఆ బిందువులు ఉపయోగపడుతాయి. పది అడుగుల దూరంనుండి మామూలు ఛానళ్లు చూచేవారు కేవలం ఆ అంకె కోసమే అదనంగా చెల్లించనవసరం లేదు.

బిందువుల సంఖ్య ఒకటే అయినా తెర స్వభావం వేరు కావచ్చును. ప్రపంచంలో తెర పలకలను తయారుచేసే పెద్ద కర్మాగారాలు కొన్నే ఉన్నవి. అవి ముఖ్యంగా చైనా, తైవాన్, కొరియా దేశాలకు చెందినవి. అనేక కంపెనీలు వారినుండి పలకలు కొని తమ పేరుతో పెట్టెలు కూర్చుతున్నవి. పలకలలో ప్రధానంగా రెండు జాతులు. ఐ.పి.ఎస్. జాతి పలకలో పక్కనుండి చూచినా రంగులు అంతగా మారవు. వి.ఎ. జాతి పలకలో నలుపు చిక్కగా ఉంటుంది గాని పక్కకు జరిగితే బొమ్మ వెలిసినట్లు కనిపిస్తుంది. ఇరుకు గదిలో గోడపొడవునా పదిమంది కూర్చుండే ఇంటికి మొదటిది, రాత్రివేళ ఎదురుగా కూర్చుండి సినిమా చూచే ఇద్దరికి రెండవది అనుకూలం. చీటీమీద ఈ సంగతి సాధారణంగా వ్రాయరు. దానిని తెలిసికొనడం కష్టం కాదు. తెరకు ఎదురుగా నిలబడి చూచి, ఒక పక్కకు నాలుగడుగులు నడిచి మళ్లీ చూస్తే చాలు.

దుకాణంలో చేయదగిన పరీక్ష

దుకాణంలో తెరలను పోల్చడంలో ఒక చిక్కు ఉన్నది. పక్కపక్కన ఉన్న రెండు వెలుగులలో ఎక్కువ ప్రకాశవంతమైనదే మేలైనదని మన కన్ను భ్రమపడుతుంది. అందుచేత ప్రదర్శనకు ఉంచిన పెట్టెలలో వెలుగును, రంగులను హెచ్చించి ఉంచుతారు. ఆ పెట్టెనే ఇంటికి తెచ్చి రాత్రి దీపం వెలుతురులో చూస్తే కండ్లు జిగేలుమంటాయి. 1936 నాటి నియమాన్ని ఇక్కడ మనం కూడ పాటించవచ్చును. రెండు పెట్టెలలోనూ ఒకే కార్యక్రమం పెట్టించాలి. రెండింటినీ సినిమా చూచే పద్ధతికో, సాధారణ పద్ధతికో మార్పించాలి. మన ఇంటిలో కూర్చుండే దూరంలోనే నిలబడి చూడాలి. పువ్వులు, సముద్రాలు చూపే ప్రదర్శనచిత్రానికి బదులు ఒక చీకటి దృశ్యాన్ని, ఒక మనిషి ముఖాన్ని చూడాలి. చర్మపు రంగు సహజంగా లేని తెరను ఎంత మెరిసినా నమ్మరాదు. తరువాత కండ్లు మూసికొని మాటలు మాత్రం వినాలి. పలుచని పెట్టెలలో స్పీకర్లకు చోటు తక్కువ కాబట్టి రెండు పెట్టెల మీద 20 వాట్లని వ్రాసి ఉన్నా మాట స్పష్టత వేరుగా ఉండవచ్చును.

ఖర్చును కూడ ఒక్క నాటి ధరతో లెక్కించరాదు. 2006లో కేంద్ర ప్రభుత్వపు ఇంధన సామర్థ్య సంస్థ గృహోపకరణాలకు నక్షత్రాల గుర్తులను ప్రవేశపెట్టినది. టెలివిజన్లకు కూడ ఆ చీటీ వచ్చినది. నక్షత్రాలను లెక్కపెట్టడంతో ఆగక, దానిలో వ్రాసిన సాలుసరి యూనిట్ల సంఖ్యను చదవాలి. ఒక పెట్టె రెండవదానికంటె 40 వాట్లు ఎక్కువ తీసికొంటుందనుకొందాం. రోజుకు 5 గంటల చొప్పున ఏడాదికి 73 యూనిట్లు అదనంగా కాలుతాయి. ఏడెనిమిదేండ్లలో ఇది గణనీయమైన మొత్తం.

పన్నుల ప్రభావం కూడ కొలతలమీద ఉండేది. 2019 జనవరినుండి 32 అంగుళాలవరకు 18 శాతం, అంతకు మించితే 28 శాతం వస్తుసేవల పన్ను ఉండేది. 2025 సెప్టెంబర్ 22నుండి పెద్ద తెరలకు కూడ 18 శాతమే అయినది. 32 అంగుళాలకు బదులు 43 అంగుళాలు తీసికొంటే తెర వైశాల్యం సుమారు 1.8 రెట్లు అవుతుంది. దూరంగా కూర్చుండేవారికి బిందువులు పెంచడంకంటె ఈ వైశాల్యం పెంచడమే ఎక్కువ ప్రయోజనకరం.

ఇక మిగిలినది మరమ్మతు. పాత పెట్టెలో ఒక వాల్వో, కండెన్సరో పోతే ఊరిలోని రేడియో మెకానిక్ అతికించి బాగుచేసేవాడు. నేటి తెర పలక పగిలినా, చెడినా దానిని మార్చడానికి అయ్యే ఖర్చు తరచు కొత్త పెట్టె ధరకు దగ్గరగా ఉంటుంది. కాబట్టి పూచీకాలం తెరకు కూడ వర్తిస్తుందా, ఎన్నేండ్లు, మనిషి ఇంటికి వస్తాడా లేక పెట్టెను కరీంనగర్‌కో, హైదరాబాదుకో మోయాలా అన్నది ముందే వ్రాయించుకోవాలి. 1986లో వచ్చి, 2019లో కొత్త రూపం దాల్చిన వినియోగదారుల రక్షణ చట్టం మనకు అండగా ఉన్నది. ఆ అండ చేతికి అందాలంటే రశీదు, పూచీ కాగితం భద్రంగా ఉండాలి.

గంభీరావుపేటనుండి బయలుదేరే కొనుగోలుదారు వెళ్లేముందు తన ఇంటిలోనే నాలుగు కొలతలు తీసికొని ఒక చీటీమీద వ్రాసికొంటే చాలు. కూర్చుండే చోటునుండి గోడకు దూరం ఎంత? గోడపొడవునా పక్కగా కూర్చుండేవారు ఎందరు? సాయంకాలం వోల్టేజి ఎంతవరకు పడిపోతుంది? రోజుకు పెట్టె ఎన్ని గంటలు నడుస్తుంది? దుకాణంలోని చీటీని ఈ చీటీ పక్కన పెట్టి చదివినప్పుడు, నాలుగైదు వేల రూపాయల తేడా తనకు పనికివచ్చే గుణానికో, కేవలం పేరుకో అతనే నిర్ణయించుకోగలడు.